ఒడ్డెక్కే ఓడ: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో ఒక పాఠకురాలు పంపిన ఫోటో వేశాం. అమెరికాలో ఒహాయో నది ఒడ్డున కట్టేసి ఉన్న బూడిదరంగు ఓడ, ముక్కు మీద 325 అంకె. యుద్ధ ట్యాంకుల్ని తీసుకెళ్లి సముద్రపు ఒడ్డున దించే రకం ఓడ అది. ఫోటో కింద రెండు ముక్కలే రాశాను. దాంతో ఈసారి ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి. ముందు ఫోటో పంపినావిడ ప్రశ్న.

ప్రశ్న: నమస్కారమండీ. నేను రిటైరైన టీచర్ని. ఇండియానా రాష్ట్రం ఎవాన్స్‌విల్‌లో మా అమ్మాయి వాళ్లుంటారు. వాళ్లింటికి వెళ్లినప్పుడే ఈ ఓడ ఎక్కి చూశాం. గైడు గారి ఇంగ్లీషు నాకు సగం అందలేదు. సముద్రం అక్కడికి వెయ్యి మైళ్ల పైమాటే కదా, నది ఒడ్డున యుద్ధ నౌక ఏమిటండీ? మా అల్లుడేమో "ఇది ఈ ఊళ్లోనే కట్టారు అత్తయ్యా" అంటాడు. నిజమేనా? దాని కథ మొదట్నుంచీ చెప్పండి.
(రావులపాలెం)

జవాబు: అమ్మా, ముందు అల్లుడిగారి మాట తేల్చేద్దాం. ఆయన సగం కరెక్టు. ఎవాన్స్‌విల్‌లో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇలాంటి ఓడలు 167 కట్టారు. మీరు ఎక్కిన 325 మాత్రం అక్కడ పుట్టింది కాదు. తూర్పు తీరంలో ఫిలడెల్ఫియా నేవీ యార్డులో కట్టారు. 1942 అక్టోబరు 27న నీళ్లలోకి దించారు, 1943 ఫిబ్రవరి 1న కొలువులో చేరింది. ఎవాన్స్‌విల్‌ వాళ్లు తమ ఊరి చరిత్రకు గుర్తుగా దాన్ని తర్వాత దత్తత తెచ్చుకున్నారు.

నది ఒడ్డున ఓడలు కట్టడం ఏమిటంటారా? 1942 నాటికి అమెరికా తీరంలోని పెద్ద యార్డులన్నీ విమానవాహక నౌకలతో, డిస్ట్రాయర్లతో ఊపిరాడక ఉన్నాయి. ఈ కొత్త రకం ఓడలేమో వందల్లో కావాలి. అందుకని లోపలి రాష్ట్రాల్లో, నదుల పక్కన ఇనుప పని తెలిసిన కంపెనీలకు అప్పగించారు. ఎవాన్స్‌విల్‌ యార్డును నడిపింది వంతెనలు కట్టే కంపెనీ. పొలాల పక్కన వెలిశాయి కాబట్టి జనం వీటిని మొక్కజొన్న చేల యార్డులనేవారు. నిన్నటిదాకా పొలంలోనో కొట్లోనో పనిచేసుకున్నవాళ్లు వెల్డింగ్ నేర్చుకుని వచ్చారు. వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. సముద్రం మొహం చూడని చేతులతో సముద్రానికి ఓడలు కట్టారు. పూర్తయిన ఓడను పక్కవాటుగా నదిలోకి జార్చి, ఒహాయో మీదుగా మిసిసిపీలోకి, అక్కణ్ణుంచి న్యూ ఆర్లియన్స్‌కి నడిపించుకుపోయేవారు. దారిలో వంతెనలు తగలకుండా మాస్టు, అంటే ఓడ మీది నిలువు స్తంభం, అక్కడికి చేరాకే నిలబెట్టేవారు. 328 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు ఉన్న ఓడ నదిలో నడిచిందంటే దాని అడుగు చదును కాబట్టే.

అసలు ఇలాంటి ఓడ ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పాలి. 1940లో ఫ్రాన్సు తీరంలోని డంకర్క్ దగ్గర బ్రిటిష్ సైన్యం మనుషుల్నయితే వెనక్కి తెచ్చుకుంది గానీ ఫిరంగులు, ట్యాంకులు, లారీలు అన్నీ ఒడ్డునే వదిలేసింది. మళ్లీ యూరప్ గడ్డ మీద కాలు పెట్టాలంటే ట్యాంకులు కావాలి. ట్యాంకులు దించాలంటే రేవు కావాలి. మంచి రేవులన్నీ జర్మన్ల చేతిలో ఉన్నాయి. రేవు లేకుండానే ట్యాంకును ఇసుకలో దించే ఓడ ఒకటి కావాలని చర్చిల్ పట్టుబట్టాడు. మొదట వెనిజులాలోని మరకైబో సరస్సు దగ్గర చమురు మోసే ట్యాంకర్లు మూడు తీసుకున్నారు. ఆ సరస్సు మొగలో లోతు తక్కువ, అందుకని ఆ ట్యాంకర్లు తక్కువ నీళ్లలో తేలేలా కట్టినవి. వాటి ముక్కు కోసి తలుపులు బిగించారు. పని జరిగింది. కానీ మూడు ఓడలతో ఖండం మీద దిగలేరు కదా. 1941 నవంబరులో జాన్ నీడర్‌మేర్ అనే అమెరికా నేవీ డిజైనరు ఒక స్కెచ్ గీశాడు. ఆ స్కెచ్ నుంచే యుద్ధం ముగిసేలోపు 1,051 ఓడలు వచ్చాయి.

ఇక 325 సంగతి. దానికి పేరు లేదు, అంకే పేరు. అన్ని వందల ఓడలకు పేర్లు వెతికే తీరిక ఎవరికుంది? 1943 జూలైలో సిసిలీ దీవి మీద దాడి జరిగినప్పుడు గేలా దగ్గర వెనక దళంలో ఉంది. సెప్టెంబరులో ఇటలీలోని సలెర్నోకి ట్యాంకులు చేర్చింది. తర్వాత ఇంగ్లండుకి వచ్చింది.

జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్సులో అమెరికా, బ్రిటన్ సైన్యాలు దిగిన తీరం నార్మండీ. ఆ పేరు అనగానే అందరూ 1944 జూన్ 6 అంటారు. 325 ఆ రోజు మొదటి వరుసలో లేదమ్మా. జూన్ 5న ఫాల్మత్ నుంచి బయలుదేరిన వెనక దళంలో ఉంది. 7వ తేదీన ఒమాహా బీచ్ ముందు లంగరు వేసి మనుషుల్ని, బళ్లను చిన్న పడవల్లోకి, నీళ్లలో ఈదే లారీల్లోకి దించింది. సినిమావాళ్లకు ఇక్కడితో కథ అయిపోతుంది. నాకు మాత్రం ఇక్కడే మొదలవుతుంది. ఆ జూన్ నుంచి మరుసటేడు ఏప్రిల్ దాకా ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య 43 ట్రిప్పులు వేసింది. ఒమాహా, యూటా, గోల్డ్, జూనో బీచ్‌లకు వెళ్లింది, సేన్ నది ఎక్కి రూఆన్ పట్టణం దాకా కూడా వెళ్లింది. దాడి రోజున దిగిన సైన్యానికి రెండో రోజు రొట్టె, మూడో రోజు పెట్రోలు, నాలుగో రోజు కొత్త లారీ ఎవరు తెచ్చారనుకుంటున్నారు? ఇవే.

ఇంకో విషయం. వెనక్కి ఖాళీగా వచ్చేవి కావు, గాయపడ్డవాళ్లను తెచ్చేవి. మీరు లోపల చూసిన పొడుగాటి హాలు ట్యాంకులు నిలబెట్టే చోటు. ట్యాంకులు దిగిపోయాక ఆ గోడలకే వరసలు వరసలుగా స్ట్రెచర్లు తగిలించేవారు. డీజిల్ పొగ, ఇనుప చెయిన్ల చప్పుడు, నేలంతా గ్రీజూ బురదా. అక్కడే గొట్టంతో నీళ్లు కొట్టి, అక్కడే డాక్టరు పని. వెళ్లేటప్పుడు ఒక సరుకు, వచ్చేటప్పుడు ఒక సరుకు. ఇంజిన్ రూములో ఉన్నవాడికి పైన ఏ సరుకుందో లోడు తేడాని బట్టి తెలిసిపోతుంది. ట్యాంకులుంటే ఓడ బరువుగా, నిలకడగా పోతుంది. స్ట్రెచర్లుంటే తేలికగా ఉంటుంది, కెరటం కెరటానికీ ఎగురుతుంది. పాపం, ఎగరకూడనిది అప్పుడే.

1944 డిసెంబరు 28న ఎంపైర్ జావెలిన్ అనే సైనికుల ఓడ ఫ్రాన్సు తీరం దగ్గర మునిగిపోతుంటే 325 పక్కన చేరి దాదాపు 700 మందిని ఎక్కించుకుంది. ఆ కెప్టెనుకు పతకం ఇచ్చారు.

ఇంత చేసిన ఓడ యుద్ధం అయిపోయాక ఇంటికి పోతూ పోయినంత పనైంది. 1945 మేలో ఉత్తర ఐర్లండులోని బెల్ఫాస్ట్ నుంచి అమెరికాకు బయలుదేరింది. రెండు రోజులు గడిచేసరికి తుఫాను. ముక్కు పెద్ద కెరటానికి ఎదురుగా గుద్దుకుంది. పై డెక్కు మీద అడ్డంగా పగులు పడింది. చదును అడుగు ఓడ, పొడుగాటి పెట్టె, నడుం దగ్గర పగులు పాకితే రెండు ముక్కలే. ఓడలోని వెల్డర్లు ఆ ఊపులోనే ఇనుప దూలాలు తెచ్చి పగులుకు అడ్డంగా పెట్టి వెల్డింగ్ చేశారు. తడి డెక్కు మీద, ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో హోల్డరు పట్టుకుని కరెంటు పని చేయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాకైతే ఆ ఓడ చరిత్ర మొత్తంలో పెద్ద యుద్ధం అదే. మే 31న అమెరికాలోని నార్‌ఫోక్ చేరింది.

1946 జూలైలో పని నుంచి తప్పించారు. 1951లో మళ్లీ లేపారు. కెనడా తూర్పు తీరం, గ్రీన్‌లాండ్ వైపు మంచు సముద్రాల్లో రాడార్ కేంద్రాలకు సామాను మోసింది. 1964లో గ్రీసుకు ఇచ్చారు. అక్కడ సిరోస్ అనే పేరొచ్చింది. చివరికి ఒక పేరు! 1999 డిసెంబరు దాకా గ్రీకు నేవీలో పనిచేసింది. అంటే అమెరికా కొలువు కంటే గ్రీకు కొలువే ఎక్కువ. ఈ మాట గైడు చెప్పాడో లేదో.

ఆఖరి ఘట్టం మీకు చెప్పే ఉంటారు. ఇలాంటి ఓడల్లో పనిచేసిన పాత నావికులు కొందరు 2000లో గ్రీసుకు వెళ్లి, తుప్పు గీకి, ఇంజిన్లు బాగుచేసుకుని, దాన్ని తామే నడుపుకుంటూ అట్లాంటిక్ దాటించారు. సగటు వయసు 72. డిసెంబరు 12న జిబ్రాల్టర్ వదిలి 2001 జనవరి 10న అలబామాలోని మొబైల్ రేవు చేరారు. చలికాలం అట్లాంటిక్, చదును అడుగు ఓడ, మోకాళ్ల నొప్పుల సిబ్బంది! ఆ వయసు దాటినవాణ్ణే నేనూ. ఇంజిన్ రూము నిలువు నిచ్చెన రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగడం తలుచుకుంటేనే నాకు ఆయాసం వస్తోంది. 2005 నుంచి ఎవాన్స్‌విల్‌ దాని సొంతూరు.

ప్రశ్న: ఆయ్, బాబాయ్ గారూ, నమస్కారమండి. నేను సఖినేటిపల్లి రేవులో జనాన్నీ బళ్లనీ గోదారి దాటించే పంటు మీద పనిచేస్తానండి. నీళ్లు తీసే పాటు వేళ పంటు ఇసుక మేట ఎక్కిందంటే మళ్లీ పోటు వచ్చేదాకా జనం తిట్లు తింటా కూచోవాలి. అంత పెద్ద ఓడని కావాలని ఒడ్డెక్కిస్తే మళ్లీ వెనక్కి ఎట్టా వస్తదండి?
(సఖినేటిపల్లి)

జవాబు: అబ్బాయ్, ఇన్ని ఉత్తరాల్లో అసలు ప్రశ్న అడిగింది నువ్వే. ఎక్కించడం ఎవడైనా ఎక్కిస్తాడు.

నీ పంటుకీ దానికీ పోలిక ఉంది. ముందు పలక దించితే బళ్లు దిగిపోతాయి, అడుగు చదును. కానీ నీ పంటు వశిష్ఠ పాయ దాటితే చాలు, అది మహాసముద్రం దాటాలి. సముద్రంలో తిరగాలంటే ఓడ లోతుగా మునిగి ఉండాలి, లేకపోతే గాలికి కొట్టుకుపోతుంది. ఒడ్డెక్కాలంటే పైకి తేలి ఉండాలి. ఈ రెండూ ఒకే ఓడలో ఎలా? నీడర్‌మేర్ చేసిన పనేమిటంటే, అడుగున, పక్కల్లో పెద్ద పెద్ద నీళ్ల తొట్లు పెట్టాడు. ప్రయాణంలో వాటి నిండా సముద్రపు నీళ్లు పట్టిస్తారు, ఓడ దిగుతుంది. ఒడ్డు దగ్గరకొచ్చాక పంపులు పెట్టి తోడేస్తారు, ఓడ లేస్తుంది. అదీ ముక్కు ఎక్కువ లేచేలా, వెనక కాస్త దిగి ఉండేలా తోడతారు. ఒడ్డెక్కే వేళకు ముక్కు దగ్గర నాలుగడుగుల లోపు నీళ్లు, వెనక పదడుగుల దరిదాపు. అడుగు కూడా ఆ వాలుకే కట్టారు, యాభై అడుగులకు ఒక అడుగు వాలు. ఆ వాలున్న ఒడ్డు దొరికితే ఓడ మొత్తం ఇసుక మీద ఒత్తుగా కూచుంటుంది.

ఇప్పుడు వెనక్కి రావడం. దీని గుట్టు ముక్కులో లేదు, తోకలో ఉంది. ఒడ్డు ఇంకా వందల అడుగుల దూరం ఉండగానే వెనకనుంచి ఒక లంగరు జారవిడుస్తారు. ఓడ ముందుకు పోతుంటే దాని ఇనుప తాడు, తాడు చుట్టే యంత్రం వించ్ మీదనుంచి విడుతూ పోతుంది. ఆ వించ్ బ్రేకు దగ్గర నిలబడ్డవాడిదే ప్రాణం. తాడు వదులైతే వెళ్లి ప్రొపెల్లరుకు చుట్టుకుంటుంది. మరీ బిగిస్తే లంగరు నేల వదిలి ఈడ్చుకొస్తుంది. కెప్టెను ముందుకు చూస్తాడు, వీడు వెనక్కి చూస్తాడు. ముక్కు ఇసుకను తాకుతుంది, తలుపులు రెండూ విచ్చుకుంటాయి, లోపలి ర్యాంపు దిగుతుంది, ట్యాంకులు పోతాయి. ట్యాంకులు దిగినకొద్దీ ముక్కు తేలిక పడుతుంది. అప్పుడు ఇంజిన్లు వెనక్కి తిప్పి, వించ్‌తో ఆ లంగరు తాడు చుట్టుకుంటూ పోతే ఓడ తనను తానే సముద్రంలోకి లాక్కుంటుంది. మీరు వెదురు గడలతో తోసినంత సేపూ పట్టదు, అన్నీ కుదిరితే.

కుదరకపోతే? పాటు మొదలయ్యాక ఎక్కితే నీ పంటు గతే. నార్మండీలో దాన్నే తెలివిగా వాడుకున్నారు. అక్కడ పోటుకీ పాటుకీ ఇరవై అడుగుల పైన తేడా ఉంటుంది. మన తీరంలో నిలువెత్తు మనిషంత కూడా ఉండదు. అక్కడ పోటు మీద ఓడను ఎక్కించి ఊరుకునేవారు. నీళ్లు తీసేస్తే ఓడ పొడి ఇసుక మీద కూచునేది. లారీలు టైరు తడవకుండా దిగిపోయేవి. మళ్లీ పోటుకు ఓడ తేలేది. నడుం విరుగుతుందేమోనని మొదట్లో పెద్దలు హడలిపోయారట గానీ చదును అడుగు కాబట్టి తట్టుకుంది.

ఒడ్డు మరీ చదునుగా ఉంటే ఇంకో చిక్కు. ఓడ ఒడ్డుకు ఎంతో దూరంలోనే నేల తగిలి ఆగిపోతుంది. ముందున్నదంతా నీళ్లే. సిసిలీలో అందుకే ఇనుప డబ్బాలు కలిపి కట్టిన తేలే బాటలు వెంట తీసుకెళ్లి ర్యాంపుకీ ఒడ్డుకీ మధ్య పరిచారు. ఇక ఇసుక మెరకల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. 1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధం వేళ, మన నేవీ అక్కడి కాక్స్ బజార్ తీరం దగ్గర గూర్ఖా జవాన్లను దించబోయింది. ఘరియాల్, గుల్దార్ అని పోలండ్‌లో కట్టిన చిన్న ల్యాండింగ్ షిప్పులవి. ఒడ్డుకు ముందు కనపడని మెరక మీద ఆగాయి. మెరక దాటాక మళ్లీ లోతు. వీపున బరువుతో దిగిన జవాన్లు కొందరు మునిగిపోయారు. పటాల్లో మెరక ఉండదు, ఉన్నా నిన్నటి చోట ఉండదు. ఆ తీరంలో రోజూ వలేసేవాణ్ణి ఒకణ్ణి అడిగి ఉంటే చెప్పేవాడనిపిస్తుంది నాకు. ఇది నా అభిప్రాయం, నేవీది కాదు.

ప్రశ్న: తాతగారూ, నేను కాకినాడలో డిగ్రీ చదువుతున్నాను. 2019లో అమెరికా సైనికులు, మనవాళ్లు కలిసి ఇక్కడ బీచ్‌లో విన్యాసాలు చేశారు కదా. మరి 325 లాంటి రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడ మన నేవీలో ఎప్పుడైనా ఉందా? మీరు చూశారా?
(కాకినాడ)

జవాబు: చూడటమేమిటమ్మా, అందులో చెమటోడ్చాను.

దాని పేరు మగర్. హిందీలో మొసలి. బ్రిటన్‌లో టైన్ నది మీద వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ కట్టింది, 1945లో తయారైంది. మొదట 3011 అనే అంకె, తర్వాత అవెంజర్ అని పేరు. 1949లో మన దేశం తీసుకుని మగర్ అని మార్చింది. నువ్వడిగిన అమెరికా రకానికి ఇది బ్రిటిష్ చెల్లెలు. కాస్త పొడుగు ఎక్కువ. పెద్ద తేడా ఇంజిన్లలో. 325లో ఉన్నవి జనరల్ మోటార్స్ డీజిల్ ఇంజిన్లు రెండు, ఒక్కొక్కటి 900 హార్స్‌పవర్. రైలింజిన్ల కోసం పుట్టిన డిజైనది. 1962లో మన రైల్వేకి వచ్చిన డబ్ల్యూడీఎం-4 ఇంజిన్లు కూడా అదే కుటుంబం. బ్రిటిష్ వాళ్లకు అన్ని డీజిల్ ఇంజిన్లు దొరకలేదు. చిన్న యుద్ధ నౌకల కోసం చేసిన ఆవిరి ఇంజిన్లనే వీటిలో పెట్టేశారు. ఆవిరి అంటే బాయిలర్లు, బాయిలర్లంటే వాటి మంట చూసుకునే నాలాంటి స్టోకర్లు.

నేను అరవైల చివర్లో చేరాను. బొగ్గు తోసే పని కాదు, నూనె మండించే బాయిలర్లు. స్ప్రేయర్ అనే ఇత్తడి ముక్కులోంచి నూనె మంచులా లోపలికి చిమ్ముతుంది. దాని రంధ్రంలో మసి పేరుకుంటే మంట ఎర్రబడుతుంది, చిమ్నీలోంచి నల్ల పొగ పోతుంది, పైనుంచి ఆఫీసరు అరుపు కిందికి వస్తుంది. వెంటనే దాన్ని ఊడదీసి, కడిగినది బిగించాలి. చేతికి గుడ్డ చుట్టుకున్నా కాలేది. కళ్లు మాత్రం గాజు గొట్టం మీదే ఉండాలి. బాయిలర్లో నీళ్లు ఎంతున్నాయో చూపే గొట్టమది. సముద్రం నెమ్మదిగా ఉంటే దాన్లో నీటి మట్టం చూడటం తేలిక. చదును అడుగు ఓడ అటూ ఇటూ ఒరుగుతుంటే ఆ మట్టం కూడా ఎగిరి దూకుతుంది. దిగిందో, ఒరిగిందో చెప్పడానికి అనుభవం కావాలి. మా పెట్టీ ఆఫీసరు ఒకాయన ఉండేవాడు, మలయాళీ. గొట్టం వంక చూడకుండా, పంపు చప్పుడు విని "నీళ్లు పెట్టు" అనేవాడు. ఎప్పుడూ తప్పేవాడు కాదు. ఉప్పు బిళ్లలు మింగి, లీటర్ల కొద్దీ నిమ్మరసం తాగి డ్యూటీ దిగేవాళ్లం. తీరా పైకొచ్చి భోజనానికి కూచుంటే పప్పు గిన్నె బల్ల మీద ఈ చివర్నించి ఆ చివరికి పోయేది. ఒడ్డున పుట్టినవాణ్ణి, నాకు వాంతులు రావనుకుని చేరినవాణ్ణి. సరే, ఆ కథ వద్దులే.

ఆ పేరే మళ్లీ ఇంకో ఓడకు పెట్టారు. కొత్త మగర్‌ను కోల్‌కతాలో గార్డెన్ రీచ్ వాళ్లు కట్టారు, 1987లో చేరింది, 2023 మే 6న కొచ్చిలో రిటైరైంది. 2020లో కోవిడ్ వేళ మాల్దీవుల్లో చిక్కుకుపోయిన మనవాళ్లు 202 మందిని కొచ్చికి తెచ్చింది అదే. దాని జత ఓడ, ఘరియాల్ పేరే మళ్లీ పెట్టుకున్నది, మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో పుట్టింది.

2019 నవంబరులో మీ కాకినాడ దగ్గర జరిగినదాని పేరు టైగర్ ట్రయంఫ్. మన జలాశ్వ కూడా అందులో ఉంది. జలాశ్వ అమెరికాలో ట్రెంటన్ అనే పేరుతో పనిచేసిన ఓడ, 2007లో మనం కొన్నాం. 2023 జనవరిలో మన మూడు దళాలు కలిసి చేసిన యాంఫెక్స్ విన్యాసం కూడా కాకినాడలోనే. ఈసారి అలాంటిది జరిగితే ముందు తలుపులు ఎప్పుడు తెరుచుకున్నాయని చూడకు, అందరూ అదే చూస్తారు. ఓడ వెనక భాగం చూడు.

మీ ఊరికి రెండో ప్రపంచ యుద్ధంతో ఇంకో లంకె ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. మీ ఇంట్లో బాగా పెద్దవాళ్లెవరైనా ఉంటే అడిగి రాసుకో.

ప్రశ్న: లారీలు, కార్లు నేరుగా ఎక్కి దిగే రో-రో ఓడలు ఈ యుద్ధ నౌకల నుంచే వచ్చాయంటారు. నిజమా?
(అమలాపురం)

జవాబు: చాలావరకు నిజమే. రైలు పెట్టెలెక్కించుకునే ఓడలు అంతకుముందే ఉన్నాయి. లారీల సంగతికొస్తే, ఫ్రాంక్ బస్టర్డ్ అనే బ్రిటిష్ వ్యాపారి 1946లో మగర్ తోబుట్టువులు మూడింటిని నేవీ నుంచి అద్దెకు తీసుకున్నాడు. టిల్బరీ నుంచి రోటర్‌డామ్‌కి బళ్లు మోశాడు. 1948లో ఇంగ్లండులోని ప్రెస్టన్ నుంచి ఉత్తర ఐర్లండులోని లార్న్‌కి లారీల సర్వీసు మొదలెట్టాడు. క్రేనుతో సరుకు ఎత్తి దించే ఖర్చు, కూలీ, ఆలస్యం అన్నీ మిగిలాయి. ట్యాంకు దిగిన ర్యాంపు మీదనుంచి బంగాళాదుంపల లారీ దిగితే తప్పేముంది?

ప్రశ్న: ఈ ఓడల వేగం పన్నెండు నాట్లట, అంటే గంటకు సుమారు 22 కిలోమీటర్లు, మా స్కూటీ కంటే నెమ్మది. ముక్కుకు తలుపులు, పైన ఏవో కొన్ని తుపాకులు. అలాంటి ఓడల్ని శత్రువు ఎలా బతకనిచ్చాడు?
(పాలకొల్లు)

జవాబు: వాటిలో పనిచేసినవాళ్లకూ ఇదే అనుమానం. తమ ఓడను 'నెమ్మదిగా కదిలే పెద్ద గురి' అని వాళ్లే ఎగతాళి చేసుకునేవారు. పన్నెండు నాట్లు కూడా కాగితం మీద మాటే, లోడుతో తొమ్మిది వస్తే గొప్ప. అయినా 1,051 ఓడల్లో శత్రువు చేతిలో పోయినవి 26. తుఫాన్లకు, రాళ్లకు, ప్రమాదాలకు ఇంకో 13. అడుగు అంత పైకి ఉండేసరికి టార్పెడోలు చాలాసార్లు కిందనుంచి పోయేవి. పైగా ఒంటరిగా తిరిగేవి కావు, చుట్టూ కాపలా ఓడలుండేవి.

కాపలా తప్పిన రోజున ఏమైందో కూడా చెప్పాలి. 1944 ఏప్రిల్ 28 తెల్లవారుజామున ఇంగ్లండు తీరంలో స్లాప్టన్ దగ్గర నార్మండీకి రిహార్సల్ చేస్తున్నారు. జర్మన్ టార్పెడో బోట్లు వచ్చి పడ్డాయి. 507, 531 అంకెల ఓడలు రెండూ మునిగాయి. చనిపోయినవాళ్లు ఏడొందల పైన. లైఫ్ బెల్టు చంకల కింద కట్టుకోవాల్సింది చాలామంది నడుంకు కట్టుకున్నారు. వీపున బరువు ఉన్నవాణ్ణి అది తలకిందులు చేసేస్తుంది. అది ఎలా కట్టుకోవాలో వాళ్లకెవరూ నేర్పలేదు. దాడి రహస్యం బయటపడకూడదని ఆ వార్తను తొక్కిపెట్టారు. నెల తిరక్కుండా హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ రేవులో, వెస్ట్ లాక్ అనే చోట, శత్రువు లేకుండానే పేలుడు జరిగి ఆరు ఓడలు పోయాయి. మందుగుండు, పెట్రోలు నింపుకుని పక్కపక్కన కట్టేసి ఉన్నాయి మరి. మా డ్యూటీల్లో మందుగుండు ఎక్కిస్తున్నప్పుడు అగ్గిపెట్టె జేబులో ఉన్నవాణ్ణి ఎందుకంత తిట్టేవారో ఆ కథ విన్నాక నాకు అర్థమైంది.

ప్రశ్న: అమ్మాయి కానుపుకని సెప్టెంబరులో నేనూ మా ఆవిడా ఇండియానా వెళుతున్నాం. 325 చూడాలని ఉంది. టికెట్ ఉంటుందా? ఏం చూడమంటారు?
(భీమవరం)

జవాబు: మనవడో మనవరాలో పుట్టబోతున్నందుకు శుభాకాంక్షలు. టికెట్ ఉంటుందండి, మ్యూజియం కదా. అయితే సెప్టెంబరంటున్నారు, అక్కడే చిక్కు. ఆ ఓడ ఊరికే కట్టేసి ఉండదు, ఇప్పటికీ సొంత ఇంజిన్ల మీద నడుస్తుంది. ఏటా ఆగస్టు చివరా సెప్టెంబరులో నదిలో వేరే ఊళ్లకు ప్రదర్శనకు వెళ్లడం అలవాటు. కాబట్టి అమ్మాయిని ముందు ఫోను చేసి కనుక్కోమనండి. ఓడ లేనప్పుడు వెళితే ఖాళీ రేవు చూసి రావాలి.

ఎక్కితే, ట్యాంకులు నిలబెట్టే హాల్లో మధ్యలో నిలబడి కప్పు వైపు చూడండి. అక్కడ పెద్ద ఫ్యాన్లుండాలి. ఇరవై ట్యాంకులు మూసిన గదిలో ఒక్కసారి స్టార్ట్ చేస్తే లోపలివాళ్లు పొగకు చచ్చిపోతారు. ఆ పొగ లాగేయడం ఎలాగో తేల్చుకోవడానికి అమెరికాలో ఫోర్ట్ నాక్స్ దగ్గర ఓడ లోపలి భాగాన్ని నేల మీదే ఒక భవనంలా కట్టి, ట్యాంకులు నడిపి చూశారు. తర్వాత వెనక డెక్కు మీదికి వెళ్లి లంగరు వించ్ చూడండి. ఇంజిన్ రూములోకి దింపుతామంటే మొహమాటపడకుండా దిగండి, మీ ఆవిడకు నిచ్చెన కష్టమైతే పైన కూచోబెట్టి వెళ్లండి. అక్కడ పెద్దాయన ఎవరైనా కనిపిస్తే, ముక్కు పైకి లేపాలంటే ఏ తొట్లు ముందు తోడతారని అడగండి. ఆయన చెప్పింది కాగితం మీద రాసుకొచ్చి నాకు పంపితే వచ్చే సంచికలో వేద్దాం.